రెండో పిట్ట

మొదటి వారం తుపాకీ మీట ముట్టుకోవద్దని మా మేనల్లుడికి చెప్పాను. వాడు ఉండేది మియాపూర్, నేను ఉండేది విజయవాడ సత్యనారాయణపురం. రాత్రి తొమ్మిదింటికి ఇద్దరం హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాం. తెర మీద 1942 చలికాలం నాటి స్టాలిన్‌గ్రాడ్, గడ్డకట్టిన వోల్గా, దాని మీద తెల్లటి ఆకాశం. ఆట పేరు ఐఎల్-2 స్టుర్మోవిక్. వాడు యాక్-1 విమానంలో ఉంటాడు, ఇంకో యాక్‌లో నేను వాడి పక్కనే ఎగురుతుంటాను. "కాల్చకుండా ఇంకేం చేయమంటావు మావయ్యా?" అని అడిగాడు. "లెక్కపెట్టరా. ఎన్ని విమానాలున్నాయో, ఏది ఎటు పోతోందో పైకి చెప్పు," అన్నాను.

మూడు రోజులు చెప్పాడు. నాలుగో రోజు మాకు కుడివైపు, బాగా ఎత్తున, రెండు చుక్కలు కనబడ్డాయి. "కుడి పైన రెండు," అన్నాడు. కాసేపటికి అందులో ఒకటి కిందికి జారి మా ముందునుంచి అడ్డంగా పోయింది. మెస్సర్‌ష్మిట్ 109. రెక్కల చివర అడుగున వేసిన పసుపు రంగు కూడా తెలిసేంత దగ్గర. ఇక వాడు ఆగలేకపోయాడు. ముక్కు అటు తిప్పాడు, థ్రాటిల్ చివరిదాకా నెట్టాడు, గురి అద్దంలోకి వాణ్ణి తెచ్చుకోవాలని జాయ్‌స్టిక్‌ని పొట్టలోకి లాక్కున్నాడు. నేను సెకన్లు లెక్కపెడుతూనే ఉన్నాను. పద్నాలుగు దాటేసరికి వాడి ఎడమ రెక్క ఊడిపోయింది. హెడ్‌ఫోన్‌లో వాడి గొంతు వణికింది: "వీడెక్కణ్ణుంచి వచ్చాడు మావయ్యా?"

రెండు నిమిషాల కిందట "కుడి పైన రెండు" అని చెప్పింది వాడే. రెండోవాణ్ణి వాడు చూశాడు, మరిచిపోయాడు.

ఉద్యోగం నుంచి దిగాక ఆరేళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాను. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఇలాగే పోతాడు, నేనూ ఇలాగే పోయాను. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఒక ప్రశ్న పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. పిల్లలకు ఏకాగ్రత ఉండాలని మనం మొక్కని దేవుడు లేడు. పద్నాలుగు సెకన్లపాటు మావాడికి ఉన్నది ఏకాగ్రతే, అందులో వంక పెట్టడానికి లేదు. ఆ ఏకాగ్రతే వాణ్ణి చంపింది.

భారతంలో ద్రోణుడు పెట్టిన పరీక్ష చెప్పని తెలుగు మాస్టారు ఉండరు. కొమ్మ మీద బొమ్మ పిట్ట. ఏం కనబడుతోందని అడిగితే ధర్మరాజు చెట్టు, గురువు, తమ్ములు, పిట్ట అన్నీ కనబడుతున్నాయన్నాడు. పక్కకి పొమ్మన్నాడు ద్రోణుడు. అర్జునుడికి పిట్ట తప్ప ఇంకేం కనబడలేదు, మెప్పు ఆయనకు దక్కింది. అరవై ఏళ్ళు ఈ కథ వింటూ వచ్చిన నాకు ఒక సంగతి ఆ రాత్రి తట్టింది. అది బొమ్మ పిట్ట. కదలదు, తిరిగి బాణం వేయదు, దానికి తోడు పిట్ట లేదు. అర్జునుడి వీపు వైపు ఎవరూ రారు, ఎందుకంటే అక్కడ ద్రోణుడు నిలబడి ఉన్నాడు. గురువు కాపలా కాస్తున్న తోటలో ఆ చూపు చెల్లుతుంది. గురువు లేని ఆకాశంలో బతికించేది ఆ రోజు ఓడిపోయిన ధర్మరాజు చూపు.

ఈ మాట తేలిగ్గా అనడం లేదు. ముప్పై నాలుగేళ్ళు రైలింజను నడిపాను. అప్పట్లో మమ్మల్ని డ్రైవర్లనేవారు, ఇప్పుడు లోకో పైలట్లు అంటున్నారు. క్యాబులో ఇద్దరం ఉంటాం. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని పేరూ రంగూ గట్టిగా చెప్పాలి, రెండోవారు అదే మాట తిరిగి పలకాలి. "డిస్టెంట్ గ్రీన్." "డిస్టెంట్ గ్రీన్." "హోమ్ గ్రీన్." "హోమ్ గ్రీన్." కొత్తగా చేరినవాళ్ళకి ఇది చాదస్తంలా ఉంటుంది. ఇద్దరికీ కళ్ళున్నాయి, ఇద్దరికీ కనబడుతోంది, మళ్ళీ అరవడం దేనికని.

1993లో ఒక రాత్రి, ఉలవపాడు దగ్గర. వాన వెలిసింది, పట్టాలు తళతళలాడుతున్నాయి. నా వెనక నాలుగు వేల టన్నుల పైన బొగ్గు. ఎడమ పక్క కట్ట మీద గేదెల మంద హెడ్‌లైట్‌కి బెదిరింది, అందులో ఒక దూడ పట్టాల వైపు పరుగెత్తింది. హారన్ కొడుతున్నాను. నా కళ్ళు ఆ దూడ మీదే. అది ఎటు దూకుతుందా అని దాని కాళ్ళే చూస్తున్నాను. అది కాలవలోకి దిగిపోయింది, నేను ఊపిరి వదిలాను. అప్పుడు వినబడింది అసిస్టెంట్ గొంతు, అది మూడోసారట: "డిస్టెంట్ ఎల్లో సార్! డిస్టెంట్ ఎల్లో!" ఆ సిగ్నల్ నా కళ్ళ ముందునుంచే పోయింది, నేను చూడలేదు. డిస్టెంట్ పసుపంటే ముందున్న హోమ్ దగ్గర ఆగడానికి సిద్ధపడాలి, అంత బరువు ఆపాలంటే దూరం కావాలి. బ్రేకు వేశాక బండి హోమ్ సిగ్నల్‌కి నూరడుగుల ఇవతల ఆగింది. ఆ ఎర్ర దీపం వెలుగు క్యాబులోకి పడుతుంటే మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆ కుర్రాడికి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నేను దయతో చూశాను, ఒక ప్రాణాన్ని కాపాడాలని చూశాను. ఆ మంచి చూపు కూడా గుడ్డిదే అయింది.

అందుకే గీత రెండో అధ్యాయం చివర్లో కృష్ణుడు చెప్పిన మెట్లు నాకు పంతులుగారి పాఠంలా అనిపించవు, ఇంజను క్యాబులో రాసిపెట్టిన హెచ్చరికలా అనిపిస్తాయి. ఒక వస్తువునే తలుచుకుంటూ ఉంటే దాని మీద తగులం పుడుతుంది, తగులం కోరిక అవుతుంది, కోరికకి అడ్డొస్తే కోపం, కోపం నుంచి కమ్ముకునే మైకం, ఆ మైకంలో స్మృతి చెదిరిపోతుంది, స్మృతి పోతే బుద్ధి, బుద్ధి పోతే మనిషి. మెట్ల మధ్యలో స్మృతిని ఎందుకు పెట్టాడా అని నాకు చాలాకాలం అర్థం కాలేదు. కోపం నేరుగా బుద్ధిని చెడగొడుతుందంటే సరిపోయేది కదా. శంకరులు ఆ మాటకి చెప్పిన అర్థం చదివాక కళ్ళు తెరుచుకున్నాయి. శాస్త్రమూ గురువూ చెప్పగా మనసులో పడిన ముద్ర, అవసరం వచ్చిన ఆ క్షణంలో పైకి లేవకపోవడమే స్మృతి చెదరడం అంటారాయన. తెలియకపోవడం వేరు. తెలిసినది వేళకి రాకపోవడం వేరు.

ఆకాశ యుద్ధం మొదలైన నాటినుంచీ ఇదే కథ. 1916లో ఓస్వాల్డ్ బోల్కె అనే జర్మన్ పైలట్ కొత్తవాళ్ళకోసం కొన్ని సూత్రాలు రాశాడు. సూర్యుణ్ణి నీ వెనక ఉంచుకో. దగ్గరికి పోయాకే కాల్చు. శత్రువు నేల మీదికి పోతే తిరిగొచ్చే దారి మరవకు. ఒకే శత్రువు మీదికి ఇద్దరు పోవద్దు. వందేళ్ళు దాటినా నేను మా మేనల్లుడికి చెప్పేవి ఇవే, వీటికి పెద్దగా కలిపేదేం లేదు. ఆ ఏడాదే అక్టోబరు 28న బోల్కె, తన సొంత దళంలోని బోమె అనే పైలట్, ఇద్దరూ ఒకే బ్రిటిష్ విమానం వెంట పడ్డారు. బోమె విమానం చక్రాలు బోల్కె రెక్కకి తగిలాయి. నలభై విమానాలు కూల్చినవాడు, తాను రాసిన సూత్రం వేళకి పైకి లేవక పోయాడు.

ఆ పోరులో అతని శిష్యుడు రిక్తోఫెన్ కూడా ఉన్నాడు. గురువు ఎలా పోయాడో తెలిసినవాడు. ఎనభై విమానాలు కూల్చాడు. 1918 ఏప్రిల్ 21న సోమ్ నది లోయలో ఒక బ్రిటిష్ విమానాన్ని తరుముతూ బాగా కిందికి దిగి, శత్రువు నేల మీదికి చాలా దూరం వెళ్ళిపోయాడు. ఒక్క గుండు. అది వెనకనుంచి వచ్చిన కెనడా పైలట్‌దా, నేల మీది ఆస్ట్రేలియా సైనికులదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నన్ను పట్టి ఉంచేది ఆ వాదన కాదు. అతను తరిమిన కుర్రాడు, విల్‌ఫ్రిడ్ మే, అప్పుడే కొత్తగా పోరులోకి వచ్చినవాడు. నువ్వు దూరంగా ఉండు అని పైవాళ్ళు చెప్పి పంపారు. తుపాకులు పట్టేసి పనిచేయక పారిపోతున్నాడు. ఆ పిల్లవాడు బతికాడు. రిక్తోఫెన్‌ని అనుభవం బతికించలేదు, ఎనభై విజయాలు బతికించలేదు. ముందున్న ఒక్క పిట్ట మిగతా ఆకాశాన్నంతా మింగేసింది.

కొత్తవాళ్ళకి నేను చెప్పే విద్యలో అన్నిటికంటే కష్టంగా మింగుడుపడేది ఒకటుంది. తిరుగుతున్న శత్రువు వెనక పడినప్పుడు నీ ముక్కు వాడి వైపు పెట్టకు, వాడి తోక వెనక ఖాళీ చోటు వైపు పెట్టు అంటాను. ఎవరికైనా మనసొప్పదు. కావలసింది అక్కడ కనబడుతుంటే ఖాళీని చూసి నడపడం ఏమిటి? కానీ వాడి మీదే ముక్కు పెట్టి లాగితే వాడికంటే బిగువుగా తిరగాల్సి వస్తుంది, రెక్కలు గాలి పట్టు విడవడం మొదలవుతుంది, వేగం కరిగిపోతుంది, లేదా వేగం ఎక్కువై వాడి ముందుకి దూసుకుపోయి వాడి తుపాకీకే ఎదురవుతాం. కొంచెం వెనక్కి వదిలితే వాడు తన మలుపులో తానే వేగం పోగొట్టుకుంటాడు. వేగం మిగిలితే దాన్ని ఎత్తుగా మార్చుకుని దాచుకోవాలి. ఎత్తు అంటే దాచిపెట్టిన వేగం. ఇది నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. చడావు వచ్చేముందు ఊపు కూడగట్టుకోని గూడ్సు డ్రైవరు మధ్యలో నిలబడిపోతాడు. ఫలం మీద ముక్కు పెట్టకుండా పని చేయడం ఎలా అని గీత చదివినన్నాళ్ళూ అడుగుతూ వచ్చాను. ఆ ఖాళీ చోటు వైపు విమానం తిప్పి పట్టుకున్న మొదటిరోజు నా చేతికి కొంచెం తెలిసింది. కోరిక పోలేదు, ఉంది. నడిపేది మాత్రం అది కాదు.

ఇక్కడ మా ఆవిడ అడిగిన ప్రశ్న చెప్పి తీరాలి. ఆవిడ పక్క గదిలో లలితా సహస్రనామం చదువుకుంటుంటే ఇక్కడ మేం విమానాలు కూల్చుకుంటున్నాం. "గీతా శంకరాచార్యులూ అన్నీ చెప్పి చివరికి పిల్లాడికి చంపడం నేర్పుతున్నారా?" అంది. తెర మీది విమానంలో మనిషి లేడని చెప్పవచ్చు, ఆ ప్రశ్న దాంతో పోదు. ఎరిక్ హార్ట్‌మన్ అని, చరిత్రలో అందరికంటే ఎక్కువగా 352 విమానాలు కూల్చినవాడు, తన చేతిలో పడినవాళ్ళలో ఎక్కువమంది తనను చూడనేలేదని చెప్పేవాడు. ముందు చూడు, ఆలోచించు, పొంచి కొట్టు, వెళ్ళిపో. అతనికి కోపం లేదు, తొందర లేదు, ఆకాశమంతా జ్ఞాపకం ఉంది. నేను పొగుడుతున్న స్మృతి అతని దగ్గర నిండుగా ఉంది. గోడ మీది పిల్లికీ ఉంది. ఇంత ఎరుక ఉన్నా అందులో మంచి లేకపోవచ్చు.

నాలుగైదు రోజులు ఆలోచించి ఆవిడకి చెప్పిన జవాబు ఇది. బుద్ధుడు ఎనిమిది అంగాల దారి చెప్పినప్పుడు స్మృతి అని ఊరుకోలేదు, సమ్యక్ స్మృతి అన్నాడు. ముందు దృష్టి సరిగ్గా ఉండాలి, సంకల్పం, మాట, పని, బతుకుతెరువు, ప్రయత్నం ఇవన్నీ సరిగ్గా ఉండాలి, అప్పుడు ఏడోదిగా స్మృతి. అది తనంతట తాను ధర్మం కాదని ఆయనకి తెలుసు. నేను ఒప్పుకుంటాను. కానీ ధర్మం తెలిసినవాడికి కూడా ఆ క్షణంలో అది గుర్తుకు రావాలి కదా. ఉలవపాడు దగ్గర నాకు ధర్మం తెలుసు, రూల్సు పుస్తకం కంఠతా వచ్చు. రాకుండా పోయింది పసుపు దీపం. మా ఆవిడ విని, "అయితే కోపం వచ్చిన రోజు ఆడనివ్వకండి," అంది. ఆ రోజునుంచి అది మా ఇద్దరికీ నియమం. గొంతు పెరిగిందా, విమానం దింపేయాలి.

ఈ ఆటలో చచ్చిపోతే ఒక బటను నొక్కితే చాలు, కొత్త విమానం, కొత్త పుట్టుక. కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్‌కి అది దొరకలేదు. 1918 జూలైలో రెండు వారాలు నిండకుండానే పది విజయాలు సాధించి, అదే నెల 22న ఫ్రాన్సులో కూలిపోయాడు, పంతొమ్మిదేళ్ళకి. అలాంటివాళ్ళ పేరు తలుచుకోకుండా ఈ ఆట గురించి మాట్లాడటం నాకు తప్పనిపిస్తుంది. ఆ బటను నాకు ఇంకో సంగతి కూడా చెప్పింది. గత జన్మ గుర్తుంటే చేసిన తప్పే మళ్ళీ చేయం కదా, దేవుడు ఆ జ్ఞాపకం ఎందుకు తీసేస్తాడు అని చిన్నప్పటినుంచీ నాకు ఫిర్యాదు ఉండేది. ఇక్కడ గత జన్మ పూర్తిగా గుర్తుంటుంది, మూడు నిమిషాల కిందటిదే. అయినా మావాడు మళ్ళీ పుట్టి, అదే మెస్సర్‌ష్మిట్ వెంట, అదే ఎడమ మలుపులో, అలాగే పోయాడు. ఒకే రాత్రి ఐదు జన్మలు. నా ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను.

ఉపనిషత్తుల్లో ఇంకో చెట్టుంది. ముండకంలో ఉంది, శ్వేతాశ్వతరంలోనూ ఉంది. దాని మీద ఉన్నవి రెండు పిట్టలు. ఒకదాని ధ్యాసంతా పండు మీద. రెండోదానికి పండుతో పనిలేదు, ఊరికే చూస్తుంటుంది. ద్రోణుడి చెట్టు మీద ఒక్క పిట్టే ఉండటం, అదీ ప్రాణం లేనిది కావడం, నాకు ఇప్పుడు చాలా పెద్ద తేడాగా కనబడుతుంది. నా క్యాబులో ఆ రెండో పిట్ట అసిస్టెంట్. కురుక్షేత్రంలో అర్జునుడి ముందు కూర్చుని పగ్గాలు పట్టినవాడు. బాణం వేయనన్నాడు, ఆయుధం పట్టనన్నాడు, చూస్తానన్నాడు. మొట్టమొదట ఆయన చేసింది కూడా రథాన్ని రెండు సేనల మధ్య నిలిపి, అందరినీ చూడమనడమే. ద్రోణుడు నేర్పిన చూపుకి సరిగ్గా ఎదురు చూపు. ఆ చూపుకి అర్జునుడి చేతిలోంచి విల్లు జారిందంటే, చెట్టూ తమ్ములూ గురువూ కనబడటం ఆయనకి అదే మొదలని నాకనిపిస్తుంది.

మా వీధిలో వేదాంతం బాగా చదువుకున్న పెద్దాయన ఒకరున్నారు. ఈ మాట చెబితే తల అడ్డంగా ఊపారు. "ఊరికే చూసే ఆ రెండో పిట్ట సాక్షి, సాక్షి దేనికీ పనికిరాడండీ. మీ విమానం వెనక చూడటం కూడా ఆయన పని కాదు. మీరు చెప్పేది మనసులోనే ఇంకో వృత్తి, ఇంకో తలపు, అంతే." ఆయన చెప్పింది నిజం. జాయ్‌స్టిక్ పట్టుకున్నవాడికి ఆత్మ దొరకదు. అయినా పండు వైపు మెడ చాచిన పిట్ట, పక్కన ఇంకోటి ఉందని ఒక్కసారి తల తిప్పి చూడటం దగ్గరే కదా ఏదైనా మొదలయ్యేది. ఆ తల తిప్పడం నేర్చుకోవచ్చు, నేర్పవచ్చు. నోటితో పైకి చెప్పడం దానికి నాకు తెలిసిన ఒకే ఒక దారి. మనసులో అనుకున్నది కోరిక వచ్చి తుడిచేస్తుంది. పైకి అన్నమాట చెవిలో పడుతుంది, పక్కవాడి చెవిలోనూ పడుతుంది, వాడు దాన్ని తిరిగి మన చేతిలో పెడతాడు.

పోయిన ఆదివారం రాత్రి. వోల్గా మీద చాలా కిందుగా ఒక 109. మావాడి గుళ్ళు తగిలి దాని రేడియేటర్ నుంచి తెల్లటి ఆవిరి చారలా సాగుతోంది. వంద మీటర్లు కూడా లేదు. ఇంకొక్క వేటు. వాడి ఊపిరి నాకు వినబడుతోంది. నేను నోరు తెరవలేదు. అప్పుడు వాడే అన్నాడు, "కుడి పైన ఒకటి." నేను చూశాను, సూర్యుడి పక్కన ఒక చుక్క. "కుడి పైన ఒకటి," అన్నాను. వాడు ముక్కు ఎత్తేశాడు. ఆవిరి చార మంచు మీద సన్నగిల్లుతూ పడమటికి పోయింది. చుక్కకి ఎదురుగా ఎక్కుతూ ఎక్కుతూ పోయాం, అది పెద్దదైంది, రెక్క మీద ఎర్ర నక్షత్రం కనబడింది. మనవాడే.

"పోయింది మావయ్యా, చేతిదాకా వచ్చింది," అన్నాడు. గొంతులో బాధ ఉంది, కోపం లేదు. నేనేం అనలేదు. ఇద్దరం తూర్పుకి తిరిగాం. యాక్ రెక్కల మీదే ఉంటాయి ఇంధనం చూపే ముళ్ళు, ఎడమదాన్ని చూడటానికి వాడు తల తిప్పినట్టున్నాడు, అక్కణ్ణుంచి అలాగే వెనక్కి చూశాడు.

"ఎడమ ఖాళీ."

"ఎడమ ఖాళీ."

"కుడి ఖాళీ. వెనక ఒకటి, మనదే."

"వెనక ఒకటి, మనదే," అన్నాను.